గురక పెట్టినవారికి మొదటి గ్లాసు

మా యోగా క్లాసులో ఒక నియమం ఉండేది. ఎవరైనా గురక పెట్టి నిద్రపోతే లేపకూడదు.

వినడానికి నవ్వొస్తుంది. మొదటిరోజు నాకూ నవ్వే వచ్చింది. ఆ నియమం పట్టుకుని పద్దెనిమిది మందిమి ఒక ఉదయం పూట ఏం చేశామో తలుచుకుంటే మాత్రం ఇవాళ్టికీ నా అరచేతులు చల్లబడిపోతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదని అందరూ అంటారు. ఎవరి తప్పూ కానిది ఇంత బరువుగా ఎందుకుంటుందో నాకు ఎవరూ చెప్పలేదు.

మాది కైకలూరు దగ్గర పల్లె. మావారు బాపిరాజుగారు కొల్లేటికోట వైపు ఒక చెరువు కౌలుకి తీసుకుని చేపలు పెంచేవారు. మొన్న ఫిబ్రవరి నెలాఖర్లో రెండు రోజులు మబ్బు పట్టింది. మబ్బు పడితే చెరువు నీళ్లలో గాలి తగ్గిపోతుంది, తెల్లవారే వేళకి చేపలకి ఊపిరాడదు. అందుకని గట్టుమీద ఇంజను వేసి నీళ్లు చిమ్మిస్తూ ఉండాలి. మావారు ఇంజను వేసి, పక్కనే ఉన్న షెడ్డులో కాస్త నడుం వాల్చారు. ఎప్పుడాగిందో, ఇంజను ఆగిపోయింది. ఈయనకి మెలకువ రాలేదు. తెల్లారి లేచేసరికి బొచ్చె చేపలూ శీలావతి చేపలూ అన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయట. చెరువు చెరువంతా అదే చప్పుడట. మధ్యాహ్నానికి ఆ చప్పుడు కూడా లేదు.

నేను నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చాను. మావారు ఏడవలేదు. నిద్ర మానేశారు.

మానేశారంటే నిజంగా మానేశారు. పడుకోబెడితే పడుకునేవారు, కళ్లు మాత్రం తెరుచుకునే ఉండేవి. అంతకుముందు ఆయన గురక సంగతి మా వీధంతా ఎరుగుదురు. నీళ్లందని ఇంజనులా మధ్యలో ఆగి, మళ్లీ అందుకునేది. పాతికేళ్లలో నేను మోచేత్తో ఎన్నిసార్లు పొడిచానో లెక్కలేదు. అలాంటిదాన్ని, మా ఇంట్లో ఒక్కసారి ఆ గురక వినపడితే చాలు స్వామీ అని మొక్కుకోవడం మొదలుపెట్టాను. మార్చి సగానికొచ్చేసరికి మనిషి చిక్కి సగమయ్యారు. గుమ్మం దగ్గర నిలబడి, తను లోపలికి వస్తున్నారో బయటికి వెళుతున్నారో మరిచిపోయేవారు. ఈ మనిషి నాకు దక్కుతాడా అని భయం పట్టుకుంది.

మా అమ్మాయి సుప్రియకి ఏలూరు పవర్‌పేటలో కాపురం. అదే వచ్చి మా ఇద్దర్నీ తీసుకెళ్లింది. పెద్ద డాక్టరుకి చూపించింది. మాత్రలు వేస్తే కళ్లు బరువెక్కేవి గానీ నిద్ర వచ్చేది కాదు. సుప్రియ పక్క వాటాలో సిల్వియా అని ఒక నర్సు ఉంటుంది. ఆవిడే ఒకరోజు, "మాత్రలు ఆపొద్దండి, దాంతోపాటు మా దక్షిణామూర్తి మాస్టారి దగ్గరకి కూడా తీసుకురండి. నేను డ్యూటీ లేని రోజుల్లో వెళ్తాను. అక్కడ కష్టమైనవేమీ చేయించరండి, మనసు తేలిక పడుతుంది" అంది.

అలా వెళ్లాం.

మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. డెబ్బైకి దగ్గర పడ్డారు. క్లాసు ఆయన మేడ మీదే, పొద్దున ఆరింటికి. పొడుగాటి హాల్లో కిటికీల వైపు మగవాళ్ల చాపలు, ఇవతల వైపు ఆడవాళ్లవి. ఎదురుగా గోడ వారగా మాస్టారి పీట. హాలుని ఆనుకుని చిన్న వంటగది. క్లాసయ్యేసరికి ఆయన భార్య సత్యవాణిగారు అందులో పుదీనా, అల్లం మిక్సీ పట్టి అందరికీ మజ్జిగ చేసి ఉంచేవారు.

"వంగినంతే వంగండి. ఎవరూ సర్కస్‌లో చేరడానికి రాలేదిక్కడికి" అనేవారు మాస్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లు కుర్చీ పట్టుకుని చేసేవారు. నాలాంటి భారీ మనిషి గోడ పట్టుకుని చేసేది. చేతులు పైకెత్తడం, దించడం, ఊపిరి పీల్చడం, వదలడం. దీనికోసమా నేను తెల్లారకుండా లేచి జడేసుకుని వచ్చింది అనిపించింది.

చివర పావుగంట శవాసనం. ఆ పేరు నాకు మొదట్నుంచీ గిట్టలేదు. "పొద్దున్నే ఏం పేరండీ అది?" అని మొహం మీదే అడిగేశాను. "మీకు నచ్చిన పేరు పెట్టుకోండమ్మా, పడుకోవడం మాత్రం మానకండి" అన్నారాయన నవ్వుతూ. అందరం వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటే ఆయన కాళ్ల దగ్గర మొదలుపెట్టేవారు. "బొటనవేలు... వదిలేయండి. మడమ... వదిలేయండి." తల దాకా వచ్చాక ఆయన కూడా మాట ఆపి కళ్లు మూసుకునేవారు. పది నిమిషాల మౌనం. ఆ తర్వాత "నెమ్మదిగా వేళ్లు కదపండి" అనేవారు. ఆ మాట వినపడేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, కదలకూడదు. బయట లారీలు హారన్లు కొట్టనీ, ఎవరి ఫోనన్నా మోగనీ.

మొదటిరోజే ఆ మౌనంలో గురక వినపడింది. మగవాళ్ల వైపు గోపీనాథ్‌గారని, పోస్టాఫీసులో చేసి రిటైరైనాయన, హాయిగా నిద్రపోతున్నారు. నేను పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. అందరం లేచి కూర్చున్నాక కూడా ఆయన లేవలేదు. పక్కాయన పొడవబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"లేపకండి బాబూ. ఎన్ని మాత్రలు మింగినా రాదది. ఉచితంగా ఈ చాపమీద దొరికింది, పడుకోనివ్వండి."

ఆయన లేచాక సత్యవాణిగారు మజ్జిగ మొదటి గ్లాసు ఆయన చేతికే ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. అదక్కడి ఆచారమట, గురక పెట్టినవారికి మొదటి గ్లాసు. గోపీనాథ్‌గారు సిగ్గుపడుతూ తాగారు. మావారు నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నారు.

నాలుగో రోజో, ఐదో రోజో, మౌనంలో ఉండగా ధబధబా అడుగుల చప్పుడైంది. నియమం గియమం మరిచిపోయి కళ్లు తెరిచాను. మావారు హాలు మధ్యలో నిలబడి నాలుగు వైపులా వెతుక్కుంటున్నారు. మాస్టారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఏం వెతుకుతున్నారు రాజుగారూ?"

"ఇంజనండి" అన్నారు మావారు. అని, తనన్న మాట తనకే వినపడి సిగ్గుతో కుంగిపోయారు.

ఆ పూట అందరూ వెళ్లాక మాస్టారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకున్నారు. మావారు నాతో కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పారు. కళ్లు మూసుకుంటే చేపలు వినపడతాయట. చూడ్డం కాదు, వినపడతాయట. నీళ్లమీద నోళ్లు తెరిచి గాలి మింగుతున్న చప్పుడు. వినపడగానే లేచి ఇంజను దగ్గరికి పరిగెత్తాలనిపిస్తుందట. "ఆ రోజు వినపడలేదు గదండీ, అందుకని ఇప్పుడు రోజూ వినపడుతుంది" అన్నారు.

మాస్టారు అన్నారు: "రేపట్నుంచి నా పీట పక్కనే చాప వేసుకోండి. ఆ చప్పుడు వస్తుంది, రానివ్వండి. దాన్ని వెళ్లగొట్టొద్దు, దాని వెంట పరిగెత్తొద్దు. ఇక్కడ చెరువు లేదు, చేపల్లేవు. చప్పుడు వచ్చినట్టే పోతుంది. మీరు మాత్రం కదలకుండా పడుకునే ఉండండి. చేస్తారా?"

"ఆయ్, చేస్తానండి" అన్నారు మావారు, బళ్లో పిల్లాడిలాగా.

ఏప్రిల్ అంతా ఇదే పని. మాస్టారి పీట పక్కన మావారి చాప, హాలు ఇవతల గోడ వారగా నాది. రోజూ క్లాసయ్యాక మెట్లు దిగుతూ అడిగేదాన్ని, "ఇవాళ వచ్చాయాండీ?" అని. "వచ్చాయి." "లేచారా?" "లేవలేదు." మే నెల మొదటివారానికి ఆ సమాధానం కాస్త ధీమాగా వచ్చేది. అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఒకరోజు సత్యవాణిగారితో, "ఆ మొదటి గ్లాసేదో నాకెప్పుడిస్తారండీ?" అని హాస్యమాడారు కూడా. "మీదే ఆలస్యమండీ రాజుగారూ, గ్లాసు కడిగి పెట్టాను" అన్నారావిడ. నిద్ర మాత్రం రాలేదు. తీరం కనపడుతోంది గానీ పడవ ఇంకా ఆనలేదు.

మే నెల మూడోవారం, బుధవారం. ఆరున్నరకే ఎండ చురుక్కుమంటోంది. సిల్వియా సిస్టరుకి డ్యూటీ, రాలేదు. మాస్టారి మొహం కాస్త పాలిపోయినట్టుంది. ఎవరో అడిగితే, "ఎండలండీ, ఎవర్ని వదిలాయి?" అన్నారు. అంతకుమించి ఎవరం పట్టించుకోలేదు.

శవాసనంలో పడుకున్నాం. మాస్టారి గొంతు కాలివేళ్ల దగ్గర మొదలై తల దాకా వచ్చి ఆగింది. ఫ్యాన్ల చప్పుడు. వంటగదిలో సత్యవాణిగారి మిక్సీ. కాసేపటికి, మాస్టారి పీట వైపునుంచి, గురక.

అటువైపు పడుకునేది మావారొక్కరే. గట్టిగా ఒక గురక. తర్వాత ఏమీ లేదు. అయిపోయిందా అనుకునేలోపు మళ్లీ ఒకటి. మధ్యలో ఆగడం, మళ్లీ అందుకోవడం. అచ్చం మావారిదే. మూడు నెలల తర్వాత వింటున్నాను. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ నీళ్లు ఆగలేదు, చెంపల మీదుగా చెవుల్లోకి కారాయి. స్వామీ, ఇన్నాళ్లకి కరుణించావా అనుకున్నాను.

అంతలో వంటగదిలో మిక్సీ ఆగింది. సత్యవాణిగారు కూడా విన్నారన్నమాట, మా ఆయన నిద్ర చెడకూడదని ఆపేశారన్నమాట అని మనసులోనే ఆవిడకి దణ్ణం పెట్టాను. హాల్లో ఎవరో ముసిముసిగా నవ్వారు. అందరికీ తెలిసిపోయింది. ఇవాళ మొదటి గ్లాసు మావారిది. ఆ గ్లాసు అందుకుంటున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పడుకున్నాను. గురకల మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఆగిపోయింది. గాఢనిద్రలోకి వెళ్లిపోయారనుకున్నాను.

మాస్టారి మాట కోసం చూస్తున్నాం. రాలేదు. రాకపోతేనేం, మావారికోసమే ఆయన ఇవాళ సమయం పొడిగించారనుకుని ఇంకాస్త సంతోషించాను. కిటికీలోంచి ఎండ వచ్చి నా పాదాలు కాల్చింది, తర్వాత పిక్కల దాకా పాకింది. ఎవరో దగ్గారు. ఎవరూ కదల్లేదు. పది నిమిషాల విశ్రాంతి అరగంట అయిందని తర్వాత లెక్క తేలింది.

వంటగది తలుపు తెరుచుకుంది. గ్లాసుల చప్పుడు. "ఏవండీ, టైమయిందండీ" అన్నారు సత్యవాణిగారు మెల్లగా. జవాబు లేదు. ట్రే కిందపెట్టిన చప్పుడైంది. కాసేపాగి ఆవిడ మామూలు గొంతుతోనే, "అందరూ లేవండమ్మా" అన్నారు.

మేం లేవలేదు. ఆ మాట చెప్పాల్సింది మాస్టారు కదా.

"లేవండమ్మా" అన్నారావిడ మళ్లీ.

అప్పుడు కళ్లు తెరిచాను. మాస్టారు పీట మీదే, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. గడ్డం గుండెల మీదకి వాలి ఉంది. సత్యవాణిగారి చెయ్యి ఆయన భుజం మీద ఉంది. పక్క చాప మీద మావారు లేచి కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తున్నారు. ఆ చూపు నేను అప్పుడు సరిగ్గా పట్టుకోలేకపోయాను.

ఆ తర్వాత అరుపులు, అంబులెన్సు, ఆసుపత్రి. అక్కడ ఒక్కమాటలో తేల్చేశారు. గుండె ఆగిపోయి చాలాసేపైందన్నారు.

చెప్పకూడదు గానీ చెబుతాను. ఆ షాక్‌లో, ఆ ఏడుపుల్లో కూడా నా మనసులో ఒక మూల, ఈవేళ మావారు నిద్రపోయారు అన్న మాట చిన్న దీపంలా వెలుగుతూనే ఉంది. పోతూపోతూ మాస్టారే ఆ నిద్ర ఇచ్చి వెళ్లారనుకున్నాను. సుప్రియకి కూడా అలాగే చెప్పాను. మావారిని మాత్రం ఏమీ అడగలేదు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు, అన్నం ముట్టుకోలేదు. మాస్టారి మీద బెంగ అనుకున్నాను.

పదమూడో రోజు శుభస్వీకారానికి క్లాసువాళ్లందర్నీ పిలిచారు. మావారు రానన్నారు. నేను, సిల్వియా సిస్టరు వెళ్లాం. భోజనాలయ్యాక మాటలు మాస్టారి మీదకి మళ్లాయి. గోపీనాథ్‌గారు కళ్లు తుడుచుకుంటూ, "ఎంత పుణ్యాత్ముడండీ సిస్టర్! ఆయన అలా కూర్చునే వెళ్లిపోతుంటే మాకెవరికీ తెలియనే లేదు. ఆ టైములో మాలో ఎవరో హాయిగా గురక పెట్టి నిద్రపోతున్నారు కూడాను" అన్నారు.

సిల్వియా సిస్టరు చేతిలో మంచినీళ్ల గ్లాసుంది. తాగబోతున్నదల్లా ఆగింది.

"గురకాండి? ఎలాంటి గురకండి?"

"గురకంటే గురకేనమ్మా. కాసేపాగి, మళ్లీ..."

ఆవిడ గ్లాసు కిందపెట్టి, తనకి పనుందని లేచింది. నాకెందుకో కాలు నిలవలేదు. వెనకాలే మెట్లు దిగి, వీధిలో ఆపాను.

"ఏంటి సిస్టరూ? ఏమైంది?"

"ఏం లేదండి."

"ఆ గురక మావారిదమ్మా. ఆయన నిద్రపోయారు ఆ రోజు."

సిల్వియా నా వైపు చూసింది. చెప్పాలా వద్దా అని కొట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది. "రాజుగారు నిజంగా పడుకున్నారేమో ముందు అడగండి మేడమ్" అంది. నేను చెయ్యి వదల్లేదు. అప్పుడు చెప్పింది. గుండె ఆగిపోయాక కూడా కొంతమందికి కాసేపు శ్వాస ఎగబీలుస్తూ వస్తుందట. అచ్చం గురకలాగే ఉంటుందట. చూసినవాళ్లు నిద్ర అనుకుని వదిలేస్తారట. "ఆ టైములో ఎవరన్నా గుండె మీద నొక్కి ఉంటే..." అని ఆపేసింది. "కచ్చితంగా బతికేవారని చెప్పలేమండి" అంది మళ్లీ, నేలకేసి చూస్తూ.

ఇంటికెలా వచ్చానో తెలియదు. వీధిలో మనుషులు, బళ్లు, ఎండ, అన్నీ ఉన్నాయి, నాకేమీ అందడం లేదు. ఆ గురక వింటూ నేను ఆనందబాష్పాలు రాల్చాను. ఒక మనిషి ప్రాణం పోతుంటే, పక్కన పడుకుని, దేవుడికి దణ్ణాలు పెట్టుకున్నాను.

మావారు వెనక వరండాలో కూర్చుని ఉన్నారు. చెప్పులన్నా విప్పకుండా వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఏవండీ, ఆ రోజు క్లాసులో మీరు నిద్రపోయారా?"

ఆయన తలెత్తలేదు.

"చెప్పండి. నిద్రపోయారా లేదా?"

"లేదు తాయారూ."

"మరి గురక?"

"నాకు గురకలా వినపడలేదు" అన్నారు. "చేపల్లా వినపడింది. అదే చప్పుడు. నా చెవి పక్కనే. ఏ రోజూ అంత దగ్గరగా రాలేదు. లేవాలనిపించింది, కాళ్లు లాగేశాయి. పరిగెత్తొద్దని మాస్టారు చెప్పారు గదా. వచ్చినట్టే పోతుంది, కదలకుండా పడుకోమన్నారు గదా." ఆగారు. "పడుకున్నాను. పోయింది."

నేను ఆయన పక్కనే కింద కూర్చున్నాను. మాస్టారికి రెండడుగుల దూరంలో ఆయన, హాలు ఇవతల నేను. ఇద్దరం విన్నాం. ఇద్దరం మాస్టారి మాట తప్పలేదు.

"ఈసారి కూడా లేవలేదు నేను" అన్నారు మావారు. అప్పుడు ఏడ్చారు. చేపలు పోయినప్పుడు ఏడవని మనిషి, చెట్టంత మనిషి, నా ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చారు. సిస్టరు చెప్పిందీ, ఆ రోజు నేను విన్నదీ చెప్పాను. అంతా చెప్పాను, దణ్ణాలతో సహా.

రెండు రోజులు ఇద్దరం ఇంట్లో దొంగల్లా తిరిగాం. మూడోరోజు ఆయనే, "సత్యవాణిగారికి చెప్పాలి తాయారూ. చెప్పకుండా ఊరెళ్లలేను" అన్నారు. ఆవిడ తిడితే పడదాం, తలుపేసుకుంటే దణ్ణం పెట్టి వద్దాం అనుకుని బయల్దేరాం.

ఆవిడ మేడ మీద హాల్లోనే కూర్చుని ఉన్నారు. చాపలన్నీ చుట్టి ఒక మూల నిలబెట్టి ఉన్నాయి. పీట అలాగే గోడ దగ్గరుంది. మావారు నిలబడే చెప్పారు, చేతులు కట్టుకుని. సిల్వియా చెప్పింది నేను చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు.

"మిక్సీ ఆపింది నేనే గదమ్మా" అన్నారు చివరికి.

నేను వంటగది తలుపు వైపు చూశాను.

"పుదీనా సగమే నలిగింది. ఎవరికో నిద్ర పట్టింది, పాపం రాజుగారేమో, చెడగొట్టకూడదని ఆపేశాను. ఆపేసి, చప్పుడు కాకుండా గ్లాసులు తుడుస్తూ కూర్చున్నాను. రాజుగారి కోసం మొదటి గ్లాసు విడిగా తీసి పెట్టాను కూడా." ఆవిడ పీట వైపు చూశారు. "నలభై నాలుగేళ్లు కాపురం చేశానమ్మా. ఆయన ఒక్కరోజు గురక పెట్టి ఎరగరు. పెట్టే మనిషైతే, ఇది ఆయనదేనని పోల్చుకుందును."

లేచి వంటగదిలోకి వెళ్లారు. మజ్జిగ గ్లాసు తెచ్చి మావారి ముందు పట్టుకున్నారు.

"నేను నిద్రపోలేదండి ఆ రోజు" అన్నారు మావారు, వెనక్కి జరుగుతూ.

"తెలిసింది గదండీ. తాగండి."

మావారు రెండు చేతులతో అందుకుని, నిలబడే తాగారు. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపల పెట్టి వచ్చారు. మేం బయల్దేరేటప్పుడు మెట్ల దాకా దిగబెట్టి, "మళ్లీ రండమ్మా" అన్నారు, చుట్టం చూపుగా వెళ్లినవాళ్లతో అన్నట్టు.

ఆ మర్నాడే ఊరికి బయల్దేరాం. తొలకరి పడి రెండు రోజులైంది. కైకలూరు బస్సులో మావారు కిటికీ పక్కన కూర్చున్నారు. ఏలూరు దాటి కొల్లేరులోకి వచ్చాక, ఫిబ్రవరి తర్వాత మొదటిసారిగా, రోడ్డుకి రెండు పక్కలా ఉన్న చెరువుల్ని తలతిప్పి చూశారు. ఒక గట్టు మీద ఇంజను నడుస్తోంది, నీళ్లు చిమ్ముతోంది. దాన్ని కనుమరుగయ్యేదాకా చూశారు. తర్వాత తల కిటికీకి ఆనింది. అక్కణ్ణుంచి నా భుజం మీదకి జారింది.

నేను ఊపిరి బిగబట్టాను. పెదయడ్లగాడి వంతెన వచ్చేసరికి గురక మొదలైంది.

అదే గురక. మధ్యలో ఆగి, మళ్లీ అందుకునే గురక. మూడు నెలలు ఏ చప్పుడు కోసం కనపడ్డ దేవుడికల్లా మొక్కానో, అదే, నా చెవి పక్కనే. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి నవ్వింది. ఒక గురక. ఆగింది. బస్సులో ఇంతమంది ఉన్నారు, నాకు మాత్రం ఆ ఆగిన చోటు తప్ప ఇంకేమీ లేదు. ఆయన ముక్కు కింద వేళ్లు పెట్టి చూశాను. వెచ్చగానే తగిలింది. అయినా ఒళ్లంతా చెమట పట్టింది.

"ఏవండీ" అని భుజం పట్టుకుని కుదిపేశాను. "ఏవండీ, లేవండి!"

ఆయన ఎర్రటి కళ్లు తెరిచి, "ఏంటి, ఊరొచ్చేసిందా?" అన్నారు.

"ఇంకా రాలేదండీ, పడుకోండి" అన్నాను.

కైకలూరు చేరేలోపు ఇంకో మూడుసార్లు లేపాను.